కొండ కడుపులో గాలి (పాలమూరు పనిచేతులు – 7వ భాగం)

గత భాగంలో గుంపు మేస్త్రీల వెంట ఊళ్లు విడిచి వెళ్లిన పాలమూరు లేబర్ గురించి చెప్పుకున్నాం. అడ్వాన్సు చేతిలో పెట్టి, ఆ బాకీ తీరేదాకా పని చేయించుకున్న పద్ధతి, ఎక్కడ ఆనకట్ట లేస్తే అక్కడ పాలమూరు గుడిసెలు వెలిసిన తీరు చూశాం. లెక్క ఎప్పటికీ తెగని మేస్త్రీ పుస్తకం దగ్గర ఆగాం. ఆ పని ఎంత గొడ్డుచాకిరీ అయినా చాలావరకు ఆకాశం కిందే జరిగేది. ఎండ కాల్చేది, కట్ట జారేది, కూలి ఎగ్గొట్టేవాళ్లు. ఊపిరి పీల్చుకోవడానికి గాలి ఉంటుందా అన్న అనుమానం మాత్రం మట్టి తట్ట ఎత్తేవాడికి రాలేదు. 20వ శతాబ్దం చివరికి వచ్చేసరికి కృష్ణ మీది పనులు నేల మీంచి నేల కిందికి దిగాయి. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట, ఈగలపెంటల దగ్గర కొండను తొలిచి శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రాన్ని కట్టారు. అదే దోమలపెంట నుంచి నల్లగొండ వైపు నల్లమల కింద సొరంగం మొదలైంది. కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో నదినీళ్లను ఎత్తిపోసే పంప్‌హౌస్‌లను లోతున కట్టారు. ఈ తరం పనిచేతులకు గాలి కూడా ఒక పనిముట్టయింది. పారకు పిడి ఊడిందో లేదో చూసుకున్నట్టే, పీల్చే గాలి ఎలా ఉందో చూసుకోవాల్సిన కాలం వచ్చింది.

చూసుకున్నామా? ఈ ప్రశ్నకు 2020 ఆగస్టు 20 రాత్రి ఒక జవాబు, 2025 ఫిబ్రవరి 22 ఉదయం మరో జవాబు వచ్చాయి. వాటి దగ్గరికి వెళ్లేముందు కొంత వెనక్కి నడవాలి. గాలిని పరీక్షించే విద్య మనకు కొత్త కాదు, పరికరాలు లేక మనం నష్టపోలేదు కూడా. దీపం నుంచి ఎలక్ట్రానిక్ మీటరు దాకా ఈ విద్య చరిత్రంతా గాలిస్తే ఒక సంగతి పదేపదే కనిపిస్తుంది: కొలత చూపించిన అంకెకు పనిని ఆపే అధికారం కట్టబెట్టిన చోట మనుషులు బతికారు. అంకె ఒకరి దగ్గర, ఊపిరి ఇంకొకరి దగ్గర, ఆపే అధికారం మూడోవాడి దగ్గర ఉన్న చోట ఎంత మంచి పరికరమైనా గోడకు వేలాడింది. నల్లమల కొండల కింద జరిగింది ఈ రెండో రకం కథ అని నేను అంటున్నాను. దానికి ఆధారాలు చూపిస్తాను, ఎదురయ్యే అభ్యంతరాలకూ జవాబు చెబుతాను.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల సీమను నడిగడ్డ అంటారు. ఇక్కడి నల్లరేగడి మెట్టల్లో జొన్న ప్రధాన పంటగా ఉన్న రోజుల్లో ధాన్యాన్ని పాతరల్లో దాచేవారు. నేలలో లోతుగా గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతి మూసి మట్టి కప్పేవారు. గింజకు ప్రాణముంటుంది, అదీ ఊపిరి పీలుస్తుంది. మూసిన పాతరలోని ఆక్సిజన్‌ను జొన్నలు మెల్లమెల్లగా తినేస్తాయి, బదులుగా బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. పురుగు బతకకపోవడానికి, ధాన్యం ఏళ్ల తరబడి నిలవ ఉండడానికి కారణం అదే. ఆత్రంగా దిగిన మనిషి కుప్పకూలడానికి కారణమూ అదే. అందుకే మూతి తీసిన వెంటనే పాతరలో దిగకూడదన్నది పెద్దలు చెప్పే మాట. కాసేపు తెరిచి ఉంచాలి, కందిలి కట్టి కిందికి వదలాలి, అది వెలుగుతూ ఉంటేనే మనిషి దిగాలి. పాడుబడిన బావిలో పూడిక తీయడానికి దిగేటప్పుడూ ఇదే పద్ధతి. కందిలి ఆరిపోతే ఆ పూట పని లేదు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. తాడు పట్టుకుని దీపం వదిలేది, దిగబోయేది, దిగనని చెప్పేది ఒకే మనిషి, లేదా పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు. కొలతకూ నిర్ణయానికీ మధ్య ఆఫీసు లేదు.

అయితే కందిలిని నెత్తికెత్తుకోవడం కూడా పొరపాటే. ఆక్సిజన్ తగ్గితే దీపం చెబుతుంది. మామూలు గాలిలో దాదాపు 21 శాతం ఉండే ఆక్సిజన్ 16, 17 శాతానికి పడిపోతే మంట నిలవదు. కానీ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు మనిషిని చంపేంత ఉన్నా దీపం నిక్షేపంగా వెలుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలో ఆక్సిజన్‌ను మోసే పదార్థాన్ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక మండే వాయువు పేరుకున్న చోట దీపం వదిలితే పరీక్షే ప్రమాదమవుతుంది. అంటే మూసి ఉన్న చోట గాలిని మూడు ప్రశ్నలు అడగాలి: పీల్చడానికి చాలినంత ఉందా, విషం కలిసిందా, అంటుకునేది ఏమైనా ఉందా? పల్లె కందిలి మొదటి ప్రశ్నకే జవాబిచ్చింది. మిగతా రెండు ప్రశ్నలకు జవాబు వెతికిన కథ బొగ్గుబాయిల్లో నడిచింది.

ఇంగ్లండులో ఫెల్లింగ్ అనే చోట 1812 మే 25న బొగ్గుగనిలో మీథేన్ పేలి 92 మంది పోయారు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. చీకట్లో తవ్వేవాడికి దీపం కావాలి, ఆ దీపమే చావు తెస్తోంది. 1815లో ఇద్దరు ఈ చిక్కును విప్పారు. ఒకరు లండన్ రాయల్ సొసైటీలో పేరుమోసిన రసాయన శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ. మంట చుట్టూ సన్నని ఇనుప జాలీ చుడితే వేడి జాలీలో చెదిరిపోయి బయటి వాయువు అంటుకోదని ఆయన కనిపెట్టాడు. రెండోవాడు కిల్లింగ్‌వర్త్ గనిలో ఇంజన్లు చూసుకునే జార్జ్ స్టీఫెన్‌సన్. అదే ఏడాది అక్టోబరులో తాను చేసిన దీపాన్ని పట్టుకుని వాయువు చిమ్ముతున్న చోటికి తానే నడిచి వెళ్లాడు. బడి చదువు లేని మెకానిక్కు ఇంత తెలివి ఎక్కడిదని డేవీ పక్షం దొంగతనం అంటగట్టింది. ఉత్తర ఇంగ్లండు గని ఊళ్లు స్టీఫెన్‌సన్ పక్షాన నిలబడి చందాలు పోగుచేసి 1,000 పౌన్లు ఇచ్చాయి. డేవీకి ముట్టిన బహుమతి 2,000 పౌన్లు. ఈ తగువు గురించి పుస్తకాలు చాలానే రాశాయి. వాటిలో తక్కువగా చెప్పుకునే సంగతి మనకు ముఖ్యం. భద్రదీపం వచ్చాక గనుల్లో చావులు తగ్గలేదు. వాయువు ఎక్కువని అంతకు ముందు వదిలేసిన పొరల్లోకి, దీపం ఉంది కదా అని యజమానులు మనుషుల్ని దింపారు. దీపం మంట రంగు మారితే మీథేన్ ఉందని తెలిసేది. ఆ మారిన రంగును చూసి పని ఆపాల్సిన బాధ్యత మాత్రం ఇంకా ఎవరిదీ కాలేదు.

ఇక కనిపించని కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకున్న పెద్దమనిషి జాన్ స్కాట్ హాల్డేన్. 1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గని పేలుడులో పోయినవాళ్ల శవాలను పరీక్షించి, ఎక్కువమందిని చంపింది పేలుడు దెబ్బ కాదు, ఆ తర్వాత మిగిలిన కార్బన్ మోనాక్సైడ్ అని తేల్చాడు. మనిషి కంటే వేగంగా ఊపిరి తీసే చిన్న ప్రాణిని వెంట తీసుకెళ్తే అది ముందుగా సొమ్మసిల్లి హెచ్చరిక ఇస్తుందన్నది ఆయన సూచన. కేనరీ పిట్టలు బ్రిటన్ గనుల్లోకి అలా వచ్చాయి, 1986 దాకా ఉన్నాయి. హాల్డేన్ తన కొడుకును కూడా ఈ విద్యకు వాడుకున్నాడు. పసివాడిని గనిలోకి తీసుకెళ్లి, మీథేన్ పేరుకున్న చోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఆంటోనీ ప్రసంగం అప్పజెప్పమన్నాడు. కాసేపటికి పిల్లవాడికి ఎగశ్వాస వచ్చి కాళ్లు తేలిపోయాయి. నేల మీద పడ్డాక అక్కడ గాలి బాగుంది. మీథేన్ తేలిక గనుక పైన పేరుకుంటుందన్న పాఠం వాడు జీవితంలో మరిచిపోలేదు. ఆ పిల్లవాడే జె.బి.ఎస్. హాల్డేన్. జన్యుశాస్త్రంలో మహామహుడై 1957లో భారతదేశానికి వచ్చి, మన పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. గాలిని ఒంటితో కొలిచిన ఆ మనిషి చివరికి తెలుగు విద్యార్థులకు పాఠమయ్యాడు.

మన దగ్గర ఈ విద్య వేళ్లూనింది సింగరేణిలో. ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. బొగ్గుబాయి భాషలో సర్దార్ అన్న మాటకు ఒక బరువుంది. షిఫ్టు దిగకముందే తన జిల్లాను, అంటే తనకు అప్పగించిన పని చోటును, తిరిగి చూసి గాలి పరీక్షించి రిపోర్టు పుస్తకంలో సంతకం పెట్టేది సర్దారే. గ్యాస్ పరీక్షించడం వచ్చునని ప్రభుత్వ గనుల భద్రతా విభాగం పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తేనే ఆ కుర్చీ. గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే ఆ చోటుకు కరెంటు తీసేయాలన్నది బొగ్గు గనుల నిబంధన. పేలడానికి 5 శాతం కావాలి, నిబంధన అందులో నాలుగో వంతు దగ్గరే చేయి అడ్డం పెడుతుంది. సింగరేణి గనులు ఎక్కువగా వాయువు తక్కువున్న మొదటి తరగతివే. అయినా పరీక్ష మానలేదు. సింగరేణిలో ప్రమాదాలు జరగలేదని నేను అనడం లేదు, చాలా జరిగాయి. అయితే గాలి విషయంలో అక్కడ ఒక గొలుసు ఉంది: కొలిచే మనిషి, అతని సర్టిఫికెట్, అంకె, ఆ అంకె రాగానే ఏం చేయాలో ముందే రాసిపెట్టిన ఆజ్ఞ. మేనేజరు మంచివాడా చెడ్డవాడా అన్నదానితో నిమిత్తం లేకుండా 1.25 అన్న అంకెకు కరెంటు తీసే అధికారం ఉంది.

బొగ్గు వెలుపల ఈ గొలుసు అంత త్వరగా రాలేదు. చమురు ఓడల ట్యాంకుల్లో పేలుళ్లు ఆపడానికి 1920ల చివర అమెరికాలో ఆలివర్ జాన్సన్ వేడి తీగతో మండే ఆవిరిని కొలిచే మీటరు చేశాడు. ఇప్పుడు కార్మికుడి చొక్కా జేబుకు తగిలించే ఫోర్ గ్యాస్ మీటరు దాని వంశంలోదే. అరచేతిలో ఇమిడే ఆ పెట్టె ఆక్సిజన్, మండే వాయువు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ నాలుగింటినీ ఒకేసారి చూస్తుంది. పేలుడు మొదలయ్యే కనీస మోతాదులో పదో వంతు దగ్గరే కూత పెడుతుంది. చట్టం వైపు చూస్తే, 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ప్రమాదకర వాయువు ఉండగల ట్యాంకులోకో గోతిలోకో మనిషి దిగేముందు సమర్థుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలంది. లేదంటే శ్వాస పరికరం తొడిగి, నడుముకు తాడు కట్టి, తాడు రెండో కొస బయట ఒకరు పట్టుకోవాలంది. పాతర దగ్గరి తాడే చట్టంలోకి వచ్చిందని నాకు అనిపిస్తుంది. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ లీకును మొదట పసిగట్టినవి కార్మికుల కళ్లే, మండి నీళ్లు కారితేనే వాయువు ఉందని తెలిసింది. ఆ పాఠంతో 1987లో చట్టాన్ని సవరించి, పనిచోటి గాలిలో ఏ పదార్థం ఎంత మించకూడదో పట్టిక పెట్టారు. మిథైల్ ఐసోసయనేట్ పది లక్షల పాళ్లలో 0.02, హైడ్రోజన్ సల్ఫైడ్ 10, కార్బన్ మోనాక్సైడ్ 50. తక్షణ ప్రమాదం ఉందని యాజమాన్యాన్ని హెచ్చరించే హక్కు కార్మికుడికి అదే సవరణలో దక్కింది. హెచ్చరించే హక్కు అన్నారు, ఆపే హక్కు అనలేదు.

ఇప్పుడు దోమలపెంటకు వద్దాం. శ్రీశైలం జలాశయం ఒకటే, దాని నుంచి కరెంటు తీసే కేంద్రాలు రెండు. కుడిగట్టున ఆంధ్రప్రదేశ్‌ది 770 మెగావాట్లు, ఎడమగట్టున తెలంగాణది 900 మెగావాట్లు. కుడిగట్టుది నేల మీద ఉంది, ఎడమగట్టుది కొండ లోపల. ఒక్కొక్కటి 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు, పగలు నీళ్లతో కరెంటు తీసి, అవసరమైతే కిందికి వదిలిన నీళ్లనే తిరిగి ఎగువకు తోడిపోసే రకం. రాష్ట్రం విడిపోయాక ఈ నీటి మీద తగువు ఏటా వానాకాలంలో రగులుతూనే ఉంది. కృష్ణకు వరద వస్తే ప్రతి గంటా విలువైనదే. లోపల షిఫ్టులో ఉండే ఇంజనీరుకు రాత్రీ పగలూ తేడా తెలియదు. సొరంగ మార్గంలో దిగి, ట్యూబులైట్ల కింద ప్యానెళ్ల ముందు కూర్చుని, గాలిని కూడా ఫ్యాన్ల ద్వారానే పొందుతాడు. 2020 ఆగస్టు 20 రాత్రి పదిన్నర ప్రాంతంలో అక్కడ మంటలు లేచాయి. లోపల 17 మంది. ఎనిమిది మంది బయటపడ్డారు. తొమ్మిది మంది మర్నాడు శవాలుగా దొరికారు. వాళ్లలో ఇంజనీర్లున్నారు, ప్లాంటు అటెండెంట్లున్నారు, బ్యాటరీల పని మీద వచ్చిన ప్రైవేటు సంస్థ ఉద్యోగులు ఇద్దరున్నారు. కాపాడటానికి వెళ్లినవాళ్లను గంటల తరబడి వెనక్కి నెట్టింది పొగ. జాతీయ విపత్తు దళంతో పాటు సింగరేణి రెస్క్యూ బృందాన్ని కూడా పిలిపించారు. నీటి కరెంటు కేంద్రంలో గాలి చెడితే, ఆ గాలిలో ఎలా నడవాలో తెలిసిన మనుషులు బొగ్గుబాయిలోనే ఉన్నారు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. అది కరెంటు ప్రమాదం, వాయువు ప్రమాదం కాదు, గ్యాస్ మీటర్లు వంద పెట్టినా మంట ఆగేదా? ఆగేది కాదు. ఈ అభ్యంతరంలో నిజముంది. కానీ మంట పుట్టడం ఒక సంగతి, మనుషులు పోవడం మరో సంగతి. ప్లాస్టిక్ తొడుగుల కేబుళ్లు కాలితే కార్బన్ మోనాక్సైడ్, ఘాటైన ఆమ్లపు ఆవిరి వెలువడతాయి. మూసిన కొండలో ఆ పొగకు పోయే దారి లేకపోతే మనుషులు నడవాల్సిన దారిలోనే పోతుంది. టైలర్స్‌టౌన్ శవాల దగ్గర హాల్డేన్ 1896లో చెప్పిందే ఇది. మంటకూ మరణానికీ మధ్య కొన్ని నిమిషాలుంటాయి, ఆ నిమిషాలు గాలివి. పొగ ఏ అంతస్తులో ఎంత చేరిందో, ఏ దారి ఇంకా పీల్చదగ్గదిగా ఉందో లోపలివాళ్లకు చెప్పే కొలత ఉంటే, ఒక హద్దు దాటగానే యంత్రాలను వాటి మానాన వదిలి బయటికి నడవాలన్న ఆజ్ఞ ముందే రాసి ఉంటే, యూనిట్లను కాపాడాలా ప్రాణాలు కాపాడుకోవాలా అన్న తూకం ఆ రాత్రి చీకట్లో ఎవరి తలమీదా పడేది కాదు. చట్టం దృష్టిలో కరెంటు పుట్టించడం కూడా ఉత్పత్తే, కాబట్టి విద్యుత్ కేంద్రం ఫ్యాక్టరీయే. అయినా 36వ సెక్షన్ చదివినవారి మనసులో మెదిలేది కాసేపు దిగి వచ్చే ట్యాంకు. ఎనిమిది గంటలు కూర్చుని పనిచేసే కొండ గుహ కాదు. బల్బులు వెలుగుతూ, కుర్చీలు వేసి ఉన్న చోటును బావిలా చూడాలని ఎవరికి తోస్తుంది?

పరికరం ఉన్నా తప్పు చోట ఉండటం అన్నది ఇంకో జబ్బు. శ్రీశైలానికి మూడున్నర నెలల ముందే, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ట్యాంకు నుంచి ఆవిరి లేచి ఊరి మీద పడింది. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చిన సంగతుల్లో ఒకటి, ట్యాంకులో వేడిని అడుగున మాత్రమే కొలిచారని. పైపొరల్లో వేడి పెరుగుతుంటే అడుగున అంకె నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. సైరన్ మోగించగల చోట్లు 36 ఉన్నా ఒక్కటీ మోగలేదన్నది రెండో సంగతి. కొలత ఉంది, మోగించే మీట ఉంది, రెంటి మధ్యా గొలుసు లేదు.

ఇక రెండో సంఘటన. నల్లగొండ ఫ్లోరైడ్ గ్రామాలకు కృష్ణ నీళ్లివ్వాలన్న దశాబ్దాల మాటను నిలబెట్టుకోవడానికి తలపెట్టింది శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం. దాదాపు 44 కిలోమీటర్లు, దోమలపెంట ఒక కొస, అచ్చంపేట వైపు మన్నెవారిపల్లి మరో కొస. 2005లో పని అప్పగించారు, రెండు వైపుల నుంచీ భారీ బోరింగ్ యంత్రాలు తొలుచుకుంటూ వచ్చాయి. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉండటంతో మధ్యలో ఎక్కడా నిలువు బావి గానీ పక్కదారి గానీ తవ్వలేదు. 2025 ఫిబ్రవరి 22 ఉదయం దోమలపెంట కొస నుంచి 14 కిలోమీటర్ల దగ్గర పైకప్పు కూలి నీళ్లూ బురదా విరుచుకుపడ్డాయి. ఎనిమిది మంది లోపలే చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ల నుంచి వచ్చినవాళ్లు. ఒకప్పుడు పాలమూరు కూలీ పరాయి రాష్ట్రాలకు పోయినట్టే, ఇప్పుడు పాలమూరు సొరంగంలోకి జార్ఖండ్ కూలీ వచ్చాడు. వారాల తరబడి వెతికితే ఇద్దరి దేహాలే దొరికాయి.

ఇది నీళ్లూ మట్టీ చేసిన పని, గాలి కొలత దీన్ని ఆపలేదని ఒప్పుకుంటాను. ఈ ప్రమాదాన్ని నా వాదనకు సాక్ష్యంగా లాక్కురావడం న్యాయం కాదు. కానీ ప్రమాదం వెనుక ఉన్న ఏర్పాటును చూడమంటున్నాను. 14 కిలోమీటర్ల లోతున ఉన్న మనిషికి వచ్చే దారి ఒకటే, పోయే దారి ఒకటే, గాలి వచ్చేది గొట్టంలో. ఆ గొట్టం చిరిగినా, ఫ్యాను ఆగినా, లోపల ఏదైనా కాలినా ఎడమగట్టు కేంద్రంలో జరిగిందే ఇంకా లోతున జరుగుతుంది. అడవిని కాపాడాలన్న నిర్ణయం మంచిదే, పులికి చోటు ఉండాలి. అయితే మధ్యలో దారులు ఉండవని తేల్చిన రోజునే, దానికి బదులుగా లోపలి గాలికి ఎంత కాపలా పెంచాలో కూడా తేల్చాల్సింది. ఒక దారి మూసినప్పుడు ఇంకో చోట చెల్లించాల్సిన బాకీ అది.

నల్లమల గట్టిరాయి, బొగ్గు లేదు, మీథేన్ లేదు, మరి ఇక్కడ గాలి పరీక్ష ఎందుకు అని అనుభవజ్ఞులు కూడా అంటారు. ఇది నిజంగా ఆలోచించాల్సిన అభ్యంతరం. శ్రీశైలం కొండల్లో ఉన్నది క్వార్ట్‌జైట్ రాయి, దాదాపు అంతా సిలికాయే. ఆ రాతిని తొలిస్తే లేచే మెత్తటి ధూళి ఊపిరితిత్తుల్లో దిగి సిలికోసిస్ తెస్తుంది. అది పేలదు, వాసన రాదు, ఆ రోజు ఎవరినీ పడగొట్టదు. కూలీ ఊరికి చేరి ఏళ్లు గడిచాక ఊపిరి అందదు, అప్పటికి కాంట్రాక్టు ముగిసి ఉంటుంది. ఫ్యాక్టరీల చట్టం పట్టికలో సిలికా హద్దును ధూళిలోని క్వార్ట్జ్ శాతంతో ముడిపెట్టారు, శాతం పెరిగేకొద్దీ అనుమతించే ధూళి తగ్గేది. అంటే ఈ కొండల్లో హద్దు అత్యంత కఠినంగా ఉండాలి. పైగా గట్టిరాయి చోట వాయువు రాతిలోంచి రాదు, మనమే తెస్తాం. డీజిల్ లోకో పొగ, వెల్డింగ్, గ్యాస్ కటింగ్, ఛార్జింగ్ బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్. గాలిలో 4 శాతం చేరితే హైడ్రోజన్ అంటుకుంటుంది. ఇప్పుడు దోమలపెంట వైపు మిగిలిన సొరంగాన్ని బోరింగ్ యంత్రంతో కాక డ్రిల్లింగ్, బ్లాస్టింగ్‌తో తవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. ప్రతి పేలుడు తర్వాత కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు మిగులుతాయి. రాతిని చూడటానికి 2025 నవంబరులో హెలికాప్టరుతో సర్వే మొదలుపెట్టారు. లోపలి గాలికి కూడా అంత శ్రద్ధ పెట్టమని అడగడం అత్యాశ కాదు.

ఖర్చు గురించి అడిగేవాళ్లకు పెద్ద జవాబు అక్కర్లేదు, వేల కోట్ల పనిలో ఈ మీటర్ల ధర లెక్కలోకే రాదు. బరువైన అభ్యంతరం వేరే ఉంది. మీటర్లు ఊరికే కూస్తాయి, తేమకు ధూళికి సెన్సర్లు మొద్దుబారతాయి, నాలుగుసార్లు ఉత్తుత్తి కూత విన్నవాడు ఐదోసారి పట్టించుకోడు. నిజమే. సెన్సరును తెలిసిన వాయువుతో ఎప్పటికప్పుడు సరిచూడాలి, లేకపోతే ఆ పెట్టె అబద్ధం చెబుతుంది. కానీ దీనికి మందు మీటరు మానేయడం కాదు, మనిషిని తయారు చేయడం. సింగరేణి సర్దార్ చేతిలోని దీపం ఇంతకంటే నమ్మదగ్గదేమీ కాదు, మంట రంగును కళ్లతో అంచనా కట్టాల్సి వచ్చేది. అయినా పనిచేసింది, చదవడం నేర్చిన మనిషి ఉన్నాడు గనుక, అతని సంతకం లేనిదే షిఫ్టు దిగదు గనుక. వనపర్తి రాజావారి కోటలో ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. తరాలుగా ఈ జిల్లాల పిల్లలు అక్కడ డిప్లొమాలు పుచ్చుకుని ప్రాజెక్టుల మీదికి వెళ్తున్నారు. సొరంగాలకు, భూగర్భ కేంద్రాలకు బొగ్గు గనుల తరహాలో గ్యాస్ పరీక్ష సర్టిఫికెట్ తప్పనిసరి చేస్తే ఆ పని చేయగల చేతులు ఇక్కడే దొరుకుతాయి.

చట్టం ఈ గీతలను ఇటీవలిదాకా విడివిడిగా గీసింది. గనికి 1952 చట్టం, ఫ్యాక్టరీకి 1948 చట్టం, కాలువ సొరంగానికి 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం. ఒకే కొండలో, ఒకే లోతున, ఒకే గాలి పీల్చే మనిషికి అక్కడ జరిగే పని ఏమిటన్నదాన్ని బట్టి రక్షణ మారిపోయింది. 2025 నవంబరు 21 నుంచి ఈ మూడూ మరో పది చట్టాలతో కలిసి వృత్తి భద్రతా స్మృతిలో ఒదిగిపోయాయి. చట్టాలు ఒకటయ్యాయి కాబట్టి బొగ్గుబాయి గొలుసును మిగతా సొరంగాలకూ చాచడానికి ఇదే అదను. లేదా, అన్నింటినీ కలిపే హడావిడిలో సర్దార్ సంతకమే పలచబడే ప్రమాదమూ ఉంది. ఈ స్మృతి కింద రాసే నియమాల్లో 1.25 లాంటి అంకెలు, వాటి పక్కన పని ఆపాలన్న మాట ఉంటాయా లేదా అన్నదాని మీద ఇది ఆధారపడుతుంది. దోమలపెంటలో తవ్వకం సాగే రోజుల్లో షిఫ్టు దిగేముందు రిపోర్టు పుస్తకంలో సంతకం పెట్టేది ఎవరు, అతను వద్దంటే యంత్రం ఆగుతుందా అన్నది అడిగి తెలుసుకోవాల్సిన ప్రశ్న.

ఇంతదాకా మూసి ఉన్న చోట్ల గాలి గురించే మాట్లాడుకున్నాం. గోడలుంటే కొలవడం తేలిక, గాలి పారిపోదు. గద్వాల నడిగడ్డ పత్తి విత్తన చేలల్లో గోడలు లేవు. పొద్దున్నే మొగ్గలు గిల్లి, పుప్పొడి అద్దే చేతుల మీదుగా పురుగుమందు ఆవిరి ఆకాశంలోకి పోతుంది, కొంత ఊపిరిలోకి పోతుంది. ఎంత పోయిందో చెప్పే సర్దార్ ఏ చేనులోనూ లేడు. జొన్న పాతరల నేల విత్తన పత్తి సీమగా ఎలా మారింది, కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజరు అనే కొత్త మేస్త్రీ ఎలా పుట్టాడు, ఆ చేలల్లోకి పసిపిల్లల వేళ్లు ఎందుకు కావాల్సి వచ్చాయి అన్నది వచ్చే భాగంలో.